ఇమిగ్రేషన్‌లో ఉన్నతాధికారి కావాలంటే: ఏ సర్వీసు, ఏ కుర్చీ?

సివిల్స్‌కు సిద్ధమవుతున్నవారిలో కొందరు సూటిగా అడుగుతుంటారు: ఇమిగ్రేషన్‌లో పై అధికారి కావాలంటే ఏ సర్వీసు పెట్టుకోవాలి? ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. మన దేశంలో ఇమిగ్రేషన్ పేరుతో కింది నుంచి పై దాకా నడిచే సివిల్ సర్వీసే లేదు. ఆదాయపు పన్నుకు, కస్టమ్స్‌కు ఐఆర్‌ఎస్ ఉంది. దేశంలోకి ఎవరు రావాలి, ఎన్నాళ్లు ఉండాలి, ఇక్కడి నుంచి ఎవరు బయటికి వెళ్లాలి అన్న పనిని మాత్రం నాలుగు చోట్ల పంచిపెట్టారు. హోం శాఖలోని విదేశీయుల విభాగం నియమాలు రాస్తుంది. బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ వాటిని విమానాశ్రయాల్లో, రేవుల్లో, సరిహద్దు చెక్‌పోస్టుల్లో అమలు చేస్తుంది. విదేశాంగ శాఖ ఇక్కడ పాస్‌పోర్టులు, విదేశాల్లోని రాయబార కార్యాలయాల్లో వీసాలు ఇస్తుంది. అదే శాఖ కింద ఉన్న ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయాలు కూలి పనికి గల్ఫ్ వెళ్లేవారి వ్యవహారం చూస్తాయి. ఈ నాలుగింటి పై కుర్చీల్లో కూర్చునేవారు వేర్వేరు సర్వీసుల నుంచి వస్తారు, కొన్నేళ్లు ఉండి వెళ్లిపోతారు.

అందువల్ల జీతాన్ని బట్టి పోల్చుకోవడంలో అర్థం లేదు. ఏడో వేతన సంఘం లెక్కన ఐఏఎస్ అయినా, ఐపీఎస్ అయినా, ఐఎఫ్‌ఎస్ (విదేశాంగ సర్వీసు) అయినా మూల వేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. జాయింట్ సెక్రటరీ స్థాయిలో 1,44,200 నుంచి ఉంటుంది. చూడాల్సినవి రెండే. ఆ కుర్చీలో కూర్చున్నవారు రోజంతా చేసే పని ఏమిటి? ఆ కుర్చీ దక్కేలోపు, దాన్ని వదిలిన తర్వాత ఆ సర్వీసు మీ చేత ఇంకేం చేయిస్తుంది? రెండో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇమిగ్రేషన్ కుర్చీ మహా అయితే ఐదారేళ్లు ఉంటుంది, మిగతా కాలమంతా ఆ సర్వీసు సొంత పనితోనే గడుస్తుంది.

ఒకే కేసు, నాలుగు బల్లలు

తేడా తెలియాలంటే ఒక కేసును నాలుగు బల్లల మీదుగా నడిపించి చూడాలి. ఇది ఊహించి చెబుతున్నదే అయినా తెలుగు కుటుంబాలకు కొత్త సంగతేమీ కాదు. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న యువకుడిపై భార్య ఇక్కడి మహిళా పోలీస్ స్టేషన్‌లో వేధింపుల కేసు పెట్టింది. పాత చట్టంలో 498ఏ అనేవారు, భారతీయ న్యాయ సంహితలో ఇప్పుడది 85వ సెక్షన్. అభియోగపత్రం కోర్టుకు చేరినా అతను విచారణకు రావడం లేదు.

మొదటి బల్ల బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్‌ది. జిల్లా ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి లుకౌట్ సర్క్యులర్, అంటే ఫలానా మనిషి ఇమిగ్రేషన్ కౌంటర్‌కు వస్తే ఆపమనే హెచ్చరిక, కోరతారు, బ్యూరో దాన్ని తన వ్యవస్థలో ఎక్కిస్తుంది. అక్క కూతురి పెళ్లికని అతను శంషాబాద్‌లో దిగి పాస్‌పోర్టు అందించగానే కౌంటర్‌లోని అధికారికి తెర మీద హెచ్చరిక కనబడుతుంది. అతన్ని పక్కన కూర్చోబెడతారు, కేసు పెట్టిన స్టేషన్‌కు కబురు పంపుతారు, పోలీసులు వచ్చాక అప్పగిస్తారు. ఆ సర్క్యులర్ సబబా కాదా అన్న విచారణ అక్కడ జరగదు. దానికి చట్టపరంగా బాధ్యత వహించాల్సింది కోరిన సంస్థేనని కేంద్రం మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇక్కడి పనిలో ముఖ్యమైనవి వేగం, కచ్చితత్వం, నోరు అదుపులో పెట్టుకోవడం.

రెండో బల్ల ప్రాంతీయ పాస్‌పోర్టు అధికారిది. క్రిమినల్ కేసు కోర్టులో ఉన్నందున 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 10(3)(ఇ) కింద పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవాలని పోలీసులు రాస్తారు. ఇక్కడ అధికారి ఆలోచించాలి. సంజాయిషీ నోటీసు ఇవ్వాలి, జవాబు చదవాలి, కారణాలతో ఉత్తర్వు రాయాలి. దాని మీద 11వ సెక్షన్ కింద అప్పీలు ఉంటుంది, ఆపైన హైకోర్టులో రిట్ పడుతుంది. అతను కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే 6(2)(ఎఫ్) అడ్డు వస్తుంది. విచారణ జరుపుతున్న కోర్టు అనుమతి తెచ్చుకుంటే 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ప్రకారం మినహాయింపు దొరుకుతుంది. ఎంత కాలానికో కోర్టు చెప్పకపోతే ఏడాదికి మాత్రమే పాస్‌పోర్టు వస్తుంది. ఉత్తర్వు కింద మీ పేరు, హోదా ఉంటాయి. ప్రభుత్వ న్యాయవాది ఫోను చేసి కౌంటర్ అఫిడవిట్ ఎప్పుడు ఇస్తారని అడిగేదీ మిమ్మల్నే.

మూడోది హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్. పాస్‌పోర్టు గడువు తీరినా స్వదేశానికి తిరిగి రావడానికి అత్యవసర ధ్రువపత్రం ఇవ్వగలరు. అక్కడి అధికారి ముందు ఆ యువకుడు నిలబడి తన గోడు చెప్పుకుంటాడు. అదే వారంలో ఇక్కడి నుంచి భార్య రాసిన అర్జీ కూడా అదే బల్ల మీదికి వస్తుంది. ఇద్దరూ భారత పౌరులే, ఇద్దరికీ సాయం చేయాల్సిందే.

ఇక లుకౌట్ సర్క్యులర్‌ను అసలు ఎవరెవరు కోరవచ్చు, ఏ సందర్భంలో, ఎంత కాలానికి అన్న నియమం రాసేది హోం శాఖ బల్ల. అక్కడ ఈ యువకుడి పేరు కూడా వినబడదు. కానీ అక్కడ చేర్చిన ఒక్క వాక్యం దేశంలోని అన్ని విమానాశ్రయాల మీదా పనిచేస్తుంది. ప్రభుత్వ రంగ బ్యాంకుల అధిపతులకు కూడా సర్క్యులర్ కోరే అధికారం ఇచ్చిన నిబంధన అలాంటిదే. 2024 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టివేసింది.

ఈ నాలుగింటిలో ఏ బల్ల దగ్గర మీ మనసు ఆగిందో గుర్తుపెట్టుకుని ముందుకు చదవండి.

ఐపీఎస్: ఇమిగ్రేషన్ మీది, పేరు బయటికి రాదు

బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ 1971లో ఏర్పడింది. హోం శాఖ కిందిదే అయినా నడిపేది ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ). అధిపతిని కమిషనర్ అంటారు. కింద ఢిల్లీ, ముంబయి, చెన్నై, హైదరాబాద్ వంటి నగరాల్లో విదేశీయుల ప్రాంతీయ నమోదు అధికారులు, అంటే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలు ఉంటారు. ఆ కార్యాలయం లేని జిల్లాల్లో ఎస్పీయే ఆ బాధ్యత చూస్తారు. కాబట్టి ఐపీఎస్‌లో చేరినవారికి చిన్న వయసులోనే, జిల్లా ఎస్పీగానే, ఈ పని రుచి తెలుస్తుంది.

పై కుర్చీలు మాత్రం ఐబీ గుండా వెళ్లాలి. కొందరు యువ ఐపీఎస్ అధికారులను ఐబీ తొలి ఏళ్లలోనే ఎంచుకుని తనలో కలుపుకుంటుంది. ఇక వారు రాష్ట్రానికి తిరిగి వెళ్లరు. ఇక్కడే అసలు మెలిక ఉంది. మిమ్మల్ని తీసుకునేది ఇమిగ్రేషన్ కోసమని ఎవరూ రాసివ్వరు. ఐబీ చేసే అనేక పనుల్లో ఇది ఒకటి. పదేళ్లు సరిహద్దు రాష్ట్రంలో సమాచార సేకరణ చేసి, తర్వాత ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ కుర్చీలోకి రావచ్చు. అసలు రాకపోవచ్చు కూడా.

ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పని పైకి కనిపించేంత పొడిగా ఉండదు. 180 రోజులకు మించిన వీసాతో వచ్చిన విదేశీయులు 14 రోజుల్లో నమోదు చేసుకోవాలి. హోటళ్లు విదేశీ అతిథుల వివరాలను 24 గంటల్లో పంపాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూలలో చదివే విదేశీ విద్యార్థులు, వైద్యానికి వచ్చి వీసా గడువు దాటిపోయిన రోగులు, బాలాపూర్‌లోని రోహింగ్యా కుటుంబాలు అందరూ ఈ వ్యవస్థ కిందికే వస్తారు. శరణార్థులకంటూ మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు, 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ భారత్ చేరలేదు. అందువల్ల చదువు పూర్తయినా ఇంటికి వెళ్తే యుద్ధమే ఎదురయ్యే విద్యార్థికి ఇంకొన్నాళ్లు గడువివ్వాలా, దేశం విడిచి వెళ్లమని నోటీసు ఇవ్వాలా అన్నప్పుడు అధికారి విచక్షణకే ఎక్కువ బరువు పడుతుంది. అలాంటి సంతకం పెట్టాక నిద్ర పట్టనివారు ఈ దారి ఎంచుకునే ముందు ఆలోచించుకోవాలి.

చట్టం కూడా ఇటీవలే మారింది. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు చట్టాల స్థానంలో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశిస్తే ఐదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంటాయి. బ్యూరోకు, కమిషనర్‌కు చట్టంలోనే చోటు దొరికింది. ఈ కుర్చీల విలువ రానున్న ఏళ్లలో పెరుగుతుందనే నా అంచనా. నమ్మకస్తులైన ప్రయాణికులను ఈ-గేట్ల గుండా పంపే పథకం 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా మరో ఏడు విమానాశ్రయాలకు వచ్చింది. అలాంటి మార్పులను నడిపించే అవకాశమూ ఇక్కడే ఉంది.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకుని చేరాలి. సమాచార హక్కు చట్టం మామూలుగా వర్తించని సంస్థల జాబితాలో, అంటే దాని రెండో షెడ్యూలులో ఐబీ ఉంది. మీరు చేసిన మంచి పని పత్రికల్లో రాదు. బ్యూరో కమిషనర్లుగా పనిచేసిన ఇద్దరి పేర్లు చెప్పమంటే సివిల్స్ కోచింగ్ ఇచ్చేవారికీ తడబాటే.

ఐఎఫ్‌ఎస్: మనుషులతో పని, ముఖ్యంగా గల్ఫ్‌లో

విదేశాంగ శాఖలో కాన్సులర్, పాస్‌పోర్టు, వీసా విభాగం ఉంది. పాస్‌పోర్టు సేవల మొత్తానికి అధిపతి అయిన ముఖ్య పాస్‌పోర్టు అధికారి జాయింట్ సెక్రటరీ స్థాయివారు. ప్రాంతీయ పాస్‌పోర్టు అధికారులుగా ఐఎఫ్‌ఎస్ నుంచీ, డిప్యుటేషన్‌పై ఇతర సర్వీసుల నుంచీ వస్తారు. తెలుగు నేల మీద సికింద్రాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో ఈ కార్యాలయాలు ఉన్నాయి.

నిజం చెప్పాలంటే దౌత్య సర్వీసులో పాస్‌పోర్టు, వీసా పనిని చాలాకాలం చిన్నచూపు చూశారు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి, వాషింగ్టన్‌లో రాజకీయ విభాగం దక్కినవారే అదృష్టవంతులన్నది అక్కడి లెక్క. ఆ లెక్కను మార్చిన అధికారి జ్ఞానేశ్వర్ ములే. కొల్హాపూర్ జిల్లాకు చెందిన ఈ మరాఠీ రచయిత 1983లో ఐఎఫ్‌ఎస్‌లో చేరారు. న్యూయార్క్‌లో కాన్సుల్ జనరల్‌గా చేసి, తర్వాత ఢిల్లీలో ఈ విభాగానికే కార్యదర్శి అయ్యారు. తపాలా కార్యాలయాల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు 2017లో మొదలైంది ఆయన హయాంలోనే. జిల్లా కేంద్రాల్లోనే దరఖాస్తు ఇచ్చే వీలు అలా వచ్చింది. పదవీ విరమణ తర్వాత జాతీయ మానవ హక్కుల కమిషన్ సభ్యుడయ్యారు. కాన్సులర్ పనిలో ఉంటూనే సర్వీసు శిఖరం దాకా వెళ్లవచ్చనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అక్బరుద్దీన్ దారి ఇంకోలా ఉంది. జెడ్డాలో కాన్సుల్ జనరల్‌గా హజ్ యాత్రికుల, వలస కార్మికుల వ్యవహారాలు చూసిన ఆయన, 2016 నుంచి 2020 దాకా ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా పనిచేశారు.

గల్ఫ్ రాయబార కార్యాలయంలో కాన్సులర్ పని అంటే ఏమిటో దగ్గరగా చూడాలి. జగిత్యాల జిల్లా నుంచి వెళ్లిన కార్మికుడు రియాద్‌లో గుండెపోటుతో పోయాడనుకోండి. ఆసుపత్రి మరణ పత్రం, పోలీసు నివేదిక, ఇక్కడి కుటుంబం ఇచ్చే అధికార పత్రం, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) చెల్లించాల్సిన బకాయిల లెక్క, పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్ ధ్రువపత్రం, రాయబార కార్యాలయం అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం అన్నీ కుదిరితేనే శవపేటిక శంషాబాద్ కార్గోకు చేరుతుంది. కఫీల్ ఖర్చు పెట్టనంటే 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఇస్తారు. మనిషి పని వదిలి పారిపోయి ఖల్లివెల్లి (సరైన కాగితాలు లేనివాడు) అయి ఉంటే కాగితాలకు ఇంకా ఆలస్యం అవుతుంది. అధికారికి తెలుగు వస్తే, అవతల ఫోనులో ఏడుస్తున్న తల్లికి ఏ కాగితం ఎందుకు ఆగిందో దుబాసీ లేకుండా చెప్పగలరు. మన పిల్లలు ఐఎఫ్‌ఎస్‌లోకి రావాలని నేను గట్టిగా కోరుకోవడానికి కారణం ఇదే. చేరినవారు విదేశీ భాషల్లో అరబిక్‌ను మొదట కోరుకుంటే ఈ దారి ఇంకా సుగమం.

ఇబ్బందులూ ఉన్నాయి. ఖాళీలు తక్కువ: 2023 సివిల్స్‌లో ఐపీఎస్‌కు 200 ఖాళీలు ఉంటే ఐఎఫ్‌ఎస్‌కు 37. మూడేళ్లకోసారి దేశం మారుతుంది, పిల్లల బడి మారుతుంది, జీవిత భాగస్వామి ఉద్యోగం చాలాసార్లు ఆగిపోతుంది. ఐఎఫ్‌ఎస్‌లో చేరి కొనసాగుతున్నవారు మళ్లీ సివిల్స్ రాయడానికి వీల్లేదు, కాబట్టి ప్రాధాన్య క్రమంలో దాన్ని ఏదో నింపాలని నింపకండి.

వలస కార్మికుల రక్షణ: అధికారం కొంచెం, అవసరం కొండంత

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఉంటారు. ఇదీ జాయింట్ సెక్రటరీ స్థాయి కుర్చీయే. ప్రవాస భారతీయుల శాఖ 2016లో విదేశాంగ శాఖలో కలిసిపోయింది, దాంతో ఈ పని అక్కడికే చేరింది. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ కార్యాలయం ఉంది. ఆ పోస్టుకు సాధారణంగా డిప్యుటేషన్‌పై వస్తారు.

పదో తరగతి పాసు కానివారు పనికోసం గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వెళ్లాలంటే ఈ కార్యాలయం అనుమతి కావాలి. ఇంటి పనికి వెళ్లే మహిళలకు కనీసం 30 ఏళ్లు ఉండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద పన్ను మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంటుంది. కాగితం మీద ఇంత కట్టుదిట్టం. వాస్తవంలో ఊళ్లోని సబ్ ఏజెంటు విజిట్ వీసా మీద పంపేస్తాడు, ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా పేరుతో లక్షలు గుంజుతాడు. ఆ మనిషి ఈ కార్యాలయం గడప తొక్కకుండానే దేశం దాటిపోతాడు. ఏజెంటును అరెస్టు చేసే పని పోలీసులది, ప్రొటెక్టర్ లేఖ రాయగలరు. ఏళ్ల తరబడి ఈ కుర్చీలో ఉండాలని ఎవరికీ సలహా ఇవ్వను. కానీ ఒక విడత డిప్యుటేషన్‌కు ఇంతకన్నా అక్కరకొచ్చే చోటు నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాలవారికి కనిపించదు.

హోం శాఖ విదేశీయుల విభాగానికి వెళ్లేది ఎక్కువగా ఐఏఎస్ అధికారులు, వారి కింద కేంద్ర సచివాలయ సర్వీసువారు. వీసా విధానం, పౌరసత్వం, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు అన్నీ ఇక్కడివే. తొలి ఓసీఐ కార్డులను 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే అందించారు. ఆ కుర్చీ కోసమే ఐఏఎస్ పెట్టుకోవడం తెలివైన పని కాదు. రాష్ట్రంలో కలెక్టరుగా, శాఖాధిపతిగా పదిహేను, ఇరవై ఏళ్లు చేశాక కేంద్రం ఏ శాఖ ఇస్తుందో ఎవరికీ తెలియదు.

కింది నుంచి ఎదిగే దారులు

కౌంటర్ దగ్గర నిలబడి ఇమిగ్రేషన్ పనే చేయాలని ఉందా? అయితే ఐబీలో అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ (ఏసీఐఓ), గ్రేడ్ 2 పోస్టు చూడండి. డిగ్రీ చాలు, వయసు 18 నుంచి 27, మూల వేతనం 44,900. విమానాశ్రయాల్లో ప్రయాణికుల పాస్‌పోర్టు చూసేవారిలో చాలామంది వీరే. గల్ఫ్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి, తెల్లవారుజామున వచ్చిపోతాయి, షిఫ్టులు కూడా వాటి ప్రకారమే. పదోన్నతులు గ్రేడ్ 1, డిప్యూటీ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్, అసిస్టెంట్ డైరెక్టర్ వరసలో వస్తాయి. పనిమీద పట్టు వీరికున్నంతగా డిప్యుటేషన్‌పై వచ్చిన పై అధికారికి ఉండదు. కమిషనర్ కుర్చీ మాత్రం ఐపీఎస్‌దే.

కేంద్ర సచివాలయంలో, విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్ష ఉంది, వేతనం ఇదే. విదేశాంగ శాఖను ఎంచుకున్నవారికి రాయబార కార్యాలయాల్లో పోస్టింగులు వస్తాయి. కాన్సులర్ విభాగాన్ని నిజంగా నడిపేది చాలా చోట్ల వీరే. పాస్‌పోర్టు కార్యాలయాలకు సెంట్రల్ పాస్‌పోర్ట్ ఆర్గనైజేషన్ పేరుతో సొంత సిబ్బంది వ్యవస్థ వేరే ఉంది. ఊరికి దగ్గరగా, పగటి పూట పని, ఒకే చట్టం మీద పట్టు కోరుకునేవారికి అది సరిపోతుంది.

అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు అడిగితే అక్కడి లెక్క వేరు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ చేసేవారు ఆ దేశ విదేశాంగ సర్వీసువారు. గ్రీన్ కార్డు, పౌరసత్వం దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ 2003లో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద మొదలైంది. దాని డైరెక్టరును అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. అంటే పై కుర్చీ రాజకీయ నియామకం. వీటిలో చేరడానికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి.

ఎవరికి ఏది

జనంతో మాట్లాడటం, పరాయి దేశంలో మనవాళ్ల కష్టం తీర్చడం ఇష్టమైతే ఐఎఫ్‌ఎస్ మొదట పెట్టండి, వెనుకాడకండి. చట్టం, ఉత్తర్వు, కోర్టు వాదన ఇష్టమైనవారికీ అదే సర్వీసులోని పాస్‌పోర్టు అధికారి కుర్చీ నప్పుతుంది. భద్రత, నిఘా వైపు మనసుంటే, పేరు రాకపోయినా ఫరవాలేదనుకుంటే ఐపీఎస్ తీసుకుని ఐబీ కోసం ప్రయత్నించండి. యూనిఫాం మీద మోజుతో ఐపీఎస్ కోరుకునేవారికి మాత్రం ఈ దారి పడదు. ఐబీలో యూనిఫాం ఉండదు.

27 ఏళ్లలోపువారు సివిల్స్‌కు చదువుతూనే ఏసీఐఓ నోటిఫికేషన్‌కూ దరఖాస్తు పెట్టండి. సివిల్స్‌కు జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్ల దాకా, ఆరు ప్రయత్నాల దాకా గడువు ఉంది కదా అని దీన్ని వదిలేస్తే వయసు దాటిపోతుంది. చేరాక సివిల్స్ రాయాలంటే శాఖకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. రాత్రి షిఫ్టులున్న విమానాశ్రయంలో పోస్టింగు వస్తే మెయిన్స్‌కు ఆరు నెలల ముందే సెలవుల లెక్క వేసుకోండి.